నాలుగు గళ్ల కాగితం: తన్ను తాను అంచనా వేసుకోవడం మనిషి ఎలా నేర్చుకున్నాడు?



పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజున ప్రతి ఇంట్లోనూ ఒక ప్రశ్న వినిపిస్తుంది. "తర్వాత ఏం చేద్దామనుకుంటున్నావు?" ప్రశ్న అడిగేది మిమ్మల్నే. కానీ జవాబు చెప్పేది చాలాసార్లు నాన్నగారో, మేనమామో, పక్కింటి అంకులో. "లెక్కలు బాగానే చేస్తాడుగా, ఎంపీసీలో వేసేయండి" అన్న ఒక్క మాటతో రాబోయే ముప్పై నలభై ఏళ్ల జీవితం ఖరారైపోతుంది.

చాలా ఏళ్లుగా సైన్సు పాఠాలు చెబుతున్నాను. తరగతిలో అప్పుడప్పుడు రెండు ప్రశ్నలు అడుగుతుంటాను. "మీకు రానిదేమిటి?" అంటే చేతులు టపటపా లేస్తాయి. ఇంగ్లీషు రాదు, స్టేజీ మీద మాట్లాడడం రాదు, ఆర్గానిక్ కెమిస్ట్రీ అర్థం కాదు. "మరి మీకు బాగా వచ్చినదేమిటి?" అంటే నిశ్శబ్దం. వానపాము నాడీవ్యవస్థను బొమ్మ గీసి చెప్పగలిగిన విద్యార్థికి తన సొంత బలం గురించి రెండు వాక్యాలు చెప్పడం రాకపోతే, ఆ లోపం ఆ విద్యార్థిది కాదు. మనం దాన్ని ఎక్కడా పాఠంగా చెప్పలేదు.

ఈ కొరత తీర్చడానికి ఇప్పుడు వ్యక్తిత్వ వికాస తరగతుల్లో 'స్వాట్ విశ్లేషణ' అనే పద్ధతిని చెబుతున్నారు. ఒక కాగితాన్ని నాలుగు గళ్లుగా విభజించి బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు రాసుకోవడమే ఆ పద్ధతి. వినడానికి సులువు. అయితే ఏ పరికరాన్నయినా సరిగా వాడాలంటే అది ఎక్కడ పుట్టిందో, ఎందుకు పుట్టిందో తెలియాలి. థర్మామీటరు చరిత్ర తెలిసినవాడికి దాని పరిమితులూ తెలుస్తాయి. ఈ పాఠంలో ఆ నాలుగు గళ్ల వెనుక ఉన్న చరిత్రను చూద్దాం. చివర్లో మీ కాగితాన్ని మీరే ఎలా రాసుకోవాలో తెలుసుకుందాం.

సముద్రం ఒడ్డున ఒక సమావేశం

మనందరికీ తెలిసిన కథతోనే మొదలుపెడదాం. రామాయణంలో కిష్కింధకాండ చివర్లో వానరులంతా సముద్రతీరం చేరతారు. ఎదుట నూరు యోజనాల సముద్రం. దాటేదెవరు? అప్పుడు ఒక్కొక్కరూ లేచి తాను ఎంత దూరం దూకగలనో చెబుతారు. ఒకరు పది యోజనాలంటారు, ఇంకొకరు ఇరవై అంటారు. ముసలితనం వచ్చింది కాబట్టి తొంభై యోజనాలు మాత్రమే దూకగలనంటాడు జాంబవంతుడు. అంగదుడు నూరు యోజనాలూ దూకగలను కానీ తిరిగి రాగలనో లేదో చెప్పలేనంటాడు.

ఈ సన్నివేశాన్ని ఒకసారి విద్యార్థి దృష్టితో చూడండి. అక్కడ ఎవరూ గొప్పలు పోలేదు. ప్రతి ఒక్కరూ తన శక్తిని కొలతతో చెప్పారు. అంగదుడైతే తన సామర్థ్యాన్నీ, తన సందేహాన్నీ విడదీసి చెప్పాడు. అందరికంటే బలవంతుడైన హనుమంతుడు మాత్రం ఓ మూల మౌనంగా కూర్చున్నాడు. అతడి బలం అతడికి గుర్తు చేయడానికి జాంబవంతుడు కావలసి వచ్చింది.

ఆత్మపరిశీలనలో ఉన్న రెండు ప్రధాన సమస్యలూ ఈ ఒక్క ఘట్టంలోనే ఉన్నాయి. మొదటిది, మన శక్తిని కొలతతో చెప్పగలగడం. రెండోది, మనకు కనిపించని మన బలాన్ని ఇతరుల ద్వారా తెలుసుకోవడం. ఆ తర్వాతి కాలంలో వచ్చిన పద్ధతులన్నీ ఈ రెంటి చుట్టూనే తిరిగాయి.

ఫ్రాంక్లిన్ పట్టిక, ఫ్రాంక్లిన్ ఉత్తరం

బెంజమిన్ ఫ్రాంక్లిన్ అనగానే మీకు గాలిపటం, పిడుగు, విద్యుత్తు గుర్తొస్తాయి. ఆయన అచ్చుపనివాడిగా జీవితం మొదలుపెట్టాడు. యువకుడిగా ఉన్నప్పుడు తనలో పెంపొందించుకోవాలనుకున్న సుగుణాలకు ఒక జాబితా తయారుచేసుకున్నాడు. మితాహారం, మౌనం, క్రమబద్ధత, పొదుపు ఇలా పన్నెండు. ఆ జాబితాను ఒక మిత్రుడికి చూపిస్తే, "నీకు గర్వం ఉందని జనం అనుకుంటున్నారు" అని ఆయన మెల్లగా చెప్పాడు. దాంతో ఫ్రాంక్లిన్ వినయాన్ని పదమూడో సుగుణంగా చేర్చుకున్నాడు. ఇక్కడా జాంబవంతుడి అవసరం పడింది. అయితే ఈసారి చెప్పింది బలం గురించి కాదు, లోపం గురించి.

ఒక చిన్న పుస్తకంలో వారానికి ఏడు నిలువు వరసలు, సుగుణాలకు పదమూడు అడ్డు వరసలు గీసి, ఏ రోజు ఏది తప్పితే అక్కడ నల్లచుక్క పెట్టేవాడు. వారానికొక సుగుణం మీద ప్రత్యేక శ్రద్ధ. పదమూడు వారాలకు ఒక ఆవృతం, ఏడాదికి నాలుగు. క్రమబద్ధత మాత్రం తనకు చివరిదాకా పట్టుబడలేదని స్వీయచరిత్రలో ఆయనే ఒప్పుకున్నాడు.

మన విషయానికి మరింత దగ్గరైన సంఘటన 1772లో జరిగింది. ఇంగ్లండులోని లీడ్స్ పట్టణంలో జోసెఫ్ ప్రీస్ట్‌లీ మతాచార్యుడిగా పనిచేస్తూ తీరిక వేళల్లో వాయువుల మీద ప్రయోగాలు చేస్తున్నాడు. లార్డ్ షెల్‌బర్న్ అనే ప్రభువు ఆయన్ను తన దగ్గర పనిచేయమని ఆహ్వానించాడు. జీతం ఎక్కువ. కానీ ఉన్న ఊరు, అలవాటైన పని వదులుకోవాలి. ఏం చేయాలో తోచక ప్రీస్ట్‌లీ మిత్రుడైన ఫ్రాంక్లిన్‌ను సలహా అడిగాడు.

ఆ ఏడాది సెప్టెంబరులో ఫ్రాంక్లిన్ రాసిన జవాబు నేటికీ ప్రసిద్ధం. ఏం చేయాలో నేను చెప్పలేను, ఎలా తేల్చుకోవాలో చెబుతానన్నాడు. కాగితం మధ్యలో గీత గీసి ఒకవైపు అనుకూలతలు, మరోవైపు ప్రతికూలతలు రాయాలి. ఒక్కరోజులో కాదు, మూడు నాలుగు రోజుల పాటు తోచినవల్లా రాస్తూ పోవాలి. ఆ తర్వాత ఒక్కోదానికి ఎంత బరువుందో అంచనా వేసి, అటూ ఇటూ సమానమైనవాటిని కొట్టేయాలి. మిగిలినదాన్నిబట్టి త్రాసు ఎటు మొగ్గుతుందో చూడాలి. ఇంకో రెండు రోజులు ఆగి, కొత్తగా ఏమీ తోచకపోతే అప్పుడు నిర్ణయించుకోవాలి. ఫ్రాంక్లిన్ దీన్ని ఒక రకమైన బీజగణితమన్నాడు.

ప్రీస్ట్‌లీ కొత్త ఉద్యోగంలో చేరాడు. 1774 ఆగస్టు 1న షెల్‌బర్న్ ఎస్టేటులోని ప్రయోగశాలలో భూతద్దంతో పాదరస భస్మాన్ని వేడిచేసి, మనం ఇప్పుడు ఆక్సిజన్ అంటున్న వాయువును వేరుచేశాడు. మీ కెమిస్ట్రీ పుస్తకంలో ఒక్క వాక్యంలో ఉండే ఈ సంగతి వెనుక ఉద్యోగం మారాలా వద్దా అని ఒక మనిషి పడ్డ సంఘర్షణ కూడా ఉందని గుర్తుంచుకోండి.

బోస్టన్‌లో తెరుచుకున్న తలుపు

ప్రీస్ట్‌లీకి సలహా ఇవ్వడానికి ఫ్రాంక్లిన్ ఉన్నాడు. మరి ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడ్డ పదిహేనేళ్ల కుర్రవాడికి ఎవరున్నారు? ఈ ప్రశ్న వేసుకున్నవాడు ఫ్రాంక్ పార్సన్స్. ఆయన ఇంజనీరింగ్ చదివాడు, న్యాయశాస్త్రం చదివాడు, పాఠాలు చెప్పాడు. తనకు తగిన పనేదో వెతుక్కోవడంలో ఉన్న కష్టం ఆయనకు స్వానుభవమే.

1908లో ఆయన బోస్టన్ నగరంలో వృత్తి సలహా కేంద్రం ప్రారంభించాడు. అప్పటికి అమెరికా నగరాలు వలస కుటుంబాలతో నిండిపోతున్నాయి. తండ్రి చేసిన పనే కొడుకు చేసే రోజులు పోయాయి. వందల రకాల కొత్త పనులు వచ్చాయి. కానీ ఏది ఎవరికి సరిపోతుందో చెప్పేవారు లేరు. పార్సన్స్ అదే ఏడాది మరణించాడు. ఆయన రాసిన 'చూజింగ్ ఎ వొకేషన్' అనే పుస్తకం 1909లో వెలువడింది.

అందులో ఆయన చెప్పిన సూత్రం మూడు మెట్లు. మొదటిది, మీ గురించి మీకు స్పష్టమైన అవగాహన. రెండోది, వివిధ వృత్తులకు కావలసిన అర్హతలు, వాటిలోని లాభనష్టాల గురించిన సమాచారం. మూడోది, ఈ రెంటినీ కలిపి సక్రమంగా ఆలోచించడం. గమనించండి, లోపలి చూపు, బయటి చూపు అనే విభజన ఇక్కడే స్పష్టంగా ఏర్పడింది. స్వాట్ కాగితంలో పై రెండు గళ్లు లోపలివి, కింది రెండు గళ్లు బయటివి.

కంపెనీల గదుల్లో పుట్టిన మాట

స్వాట్ అన్న మాట మాత్రం విద్యార్థుల కోసం పుట్టలేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో కంపెనీలు బాగా పెద్దవయ్యాయి. రాబోయే పదేళ్లకు ప్రణాళిక వేసుకోవాల్సిన అవసరం వచ్చింది. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో రాబర్ట్ స్టీవర్ట్ బృందం 1960 దశకంలో ఇందుకొక పద్ధతి రూపొందించింది. దాని పేరు 'సాఫ్ట్'. సంతృప్తికరంగా ఉన్నవి, అవకాశాలు, లోపాలు, ముప్పులు అనే నాలుగు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపితే ఆ పేరు వచ్చింది. తర్వాత మాటలు కొద్దిగా మారి అది 'స్వాట్' అయింది. అదే కాలంలో, 1965లో, హార్వర్డ్ బిజినెస్ స్కూల్ అధ్యాపకులు ప్రచురించిన పాఠ్యపుస్తకం కూడా సంస్థ బలాబలాలను బయటి పరిస్థితులతో పోల్చి చూడాలని బోధించింది.

చాలా పుస్తకాల్లో స్వాట్ సృష్టికర్తగా ఆల్బర్ట్ హంఫ్రీ పేరు కనిపిస్తుంది. ఆయన కూడా అదే సంస్థలో పనిచేశాడు. అయితే పాత పత్రాలను వెలికితీసి 2023లో 'లాంగ్ రేంజ్ ప్లానింగ్' పత్రికలో పరిశోధకులు ప్రచురించిన వ్యాసం, మూలం స్టీవర్ట్ బృందం తయారుచేసిన సాఫ్ట్ పద్ధతిలో ఉందని చూపింది. ఒక పుస్తకంలో ఉన్నది పది పుస్తకాల్లోకి ఎక్కినంత మాత్రాన అది నిర్ధారణ కాదు. చరిత్రలోనూ, సైన్సులోనూ ఈ జాగ్రత్త అవసరమే.

1982లో హైన్జ్ వైరిచ్ అనే ఆచార్యుడు ఈ పద్ధతికి ఒక ముఖ్యమైన చేర్పు చేశాడు. నాలుగు జాబితాలు రాసి ఊరుకుంటే లాభం లేదు, వాటిని జతలుగా కలపాలి అన్నాడు. ఏ బలంతో ఏ అవకాశాన్ని అందుకోవచ్చు? ఏ బలంతో ఏ ముప్పును ఎదుర్కోవచ్చు? ఏ అవకాశాన్ని వాడుకొని ఏ బలహీనతను సరిదిద్దుకోవచ్చు? ఏ బలహీనత, ఏ ముప్పు కలిస్తే అసలుకే మోసం వస్తుంది? కాగితం పనిగా మారేది ఈ జతల దగ్గరే.

కలకత్తాలో ఒక గుమస్తా సాయంత్రాలు

ఇప్పుడు మన దేశపు ఉదాహరణ చూద్దాం. చంద్రశేఖర వేంకట రామన్ 1888లో తిరుచిరాపల్లిలో పుట్టారు. తండ్రి విశాఖపట్నంలోని ఏవీఎన్ కళాశాలలో అధ్యాపకుడు కావడంతో బాల్యం అక్కడే గడిచింది. పదకొండేళ్లకే మెట్రిక్యులేషన్ అయింది. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుతూ ఉండగానే, 1906లో ఆయన పరిశోధన పత్రం లండన్ పత్రికలో అచ్చయింది.

అలాంటి విద్యార్థి ఆ రోజుల్లో చేసే పని ఇంగ్లండు వెళ్లడం. కానీ ఆయన ఆరోగ్యం ఆ చలికి తట్టుకోదని డాక్టరు తేల్చారు. ఇక్కడ శాస్త్రవేత్తగా బతకడానికి ఉద్యోగాలు లేవు. 1907లో ఆయన ఆర్థికశాఖ పరీక్ష రాసి నెగ్గి, కలకత్తాలో అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా చేరారు. గుమస్తా అన్నది శీర్షిక కోసం నేను వాడిన మాట. నిజానికి అది పెద్ద అధికారి హోదా, మంచి జీతం. కథ అక్కడితో ముగిసి ఉండవచ్చు.

ఆఫీసుకు వెళ్లే దారిలో, బౌబజార్ వీధిలో ఆయనకు ఒక బోర్డు కనిపించింది. ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్. మహేంద్రలాల్ సర్కార్ 1876లో స్థాపించిన ఆ సంస్థలో ప్రయోగశాల ఉంది, పనిచేసేవారే లేరు. రామన్ ఆఫీసుకు ముందు, ఆఫీసు తర్వాత అక్కడ పనిచేయడం మొదలుపెట్టారు. మధ్యలో రంగూన్‌కు, నాగపూర్‌కు బదిలీలు వచ్చినా వదల్లేదు. వీణ, మృదంగం, వయొలిన్ వంటి వాద్యాల ధ్వనిశాస్త్రం ఆయన పరిశోధనల్లో ముఖ్యమైనది. ఖరీదైన పరికరాలు అవసరం లేని అంశం అది. పైగా మన సంగీతం తెలిసినవాడికే దొరికే అంశం.

1917లో కలకత్తా విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన ఆశుతోష్ ముఖర్జీ పిలుపుతో ఆయన పాలిత్ ప్రొఫెసర్ పదవి స్వీకరించారు. జీతం దాదాపు సగానికి పడిపోయింది. ఆ పదవికి విదేశీ శిక్షణ ఉండాలన్న నిబంధన ఉండేది. దానికోసం విదేశం వెళ్లనని రామన్ అంటే నిబంధనే సడలించారు. 1928 ఫిబ్రవరి 28న రామన్ ఫలితం, 1930లో నోబెల్ బహుమతి. 1987 నుంచి ఫిబ్రవరి 28ని మనం జాతీయ విజ్ఞాన దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

ఈ జీవితాన్ని నాలుగు గళ్లలో పెట్టి చూడండి. బలం: ప్రయోగ నైపుణ్యం, సంగీత పరిజ్ఞానం. బలహీనత: ఆరోగ్యం, విదేశీ పట్టా లేకపోవడం. అవకాశం: తాళం తీసేవారు లేక ఎదురుచూస్తున్న ప్రయోగశాల. ముప్పు: బదిలీలు, ఆఫీసు పనిలో మునిగిపోయే ప్రమాదం. అయితే ఒక హెచ్చరిక. రామన్ ఇలాంటి కాగితం రాసుకోలేదు. ఫలితం తెలిసిన తర్వాత వెనక్కి తిరిగి చూస్తే అన్నీ ముందే నిర్ణయించినట్టు కనిపిస్తాయి. 1907లో ఆ బోర్డు వేలాదిమందికి కనిపించింది. లోపలికి వెళ్లింది మాత్రం తనకేం కావాలో తెలిసిన ఒక్కరు.

భీమవరం కుర్రాడి బలహీనతలు

రామన్ చదువులో అన్నింటా మొదటివాడు. మరి పరీక్షలు తప్పినవారి సంగతి? యల్లాప్రగడ సుబ్బారావు కథ వినండి. 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు పైవారి ఆగ్రహానికి గురయ్యారు. పూర్తి వైద్య పట్టా దక్కలేదు, తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ ఇచ్చారు. స్ప్రూ అనే వ్యాధి ఆయన సోదరులను బలి తీసుకుంది. మద్రాసులో ఆయుర్వేద కళాశాలలో అధ్యాపకుడిగా పనిచేసి, ఆ తర్వాత అమెరికా చేరారు. ఆసుపత్రిలో చిన్న ఉద్యోగం చేసుకుంటూ చదివారు.

సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని రూపొందించి 1925లో ప్రచురించారు. ఆ తర్వాత కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏటీపీని గుర్తించిన పరిశోధనల్లో భాగస్వామి అయ్యారు. ఇంత చేసినా హార్వర్డ్‌లో శాశ్వత స్థానం దక్కలేదు. 1940లో లెడర్లీ ఔషధ సంస్థకు మారారు. అక్కడ ఆయన నాయకత్వంలో ఫోలిక్ ఆమ్లం సంశ్లేషణ జరిగింది. సోదరులను మింగిన స్ప్రూ వ్యాధికి ఫోలిక్ ఆమ్లం మందుగా పనికొచ్చింది. బోదకాలుకు వాడే డైఇథైల్ కార్బమజైన్ ఆ బృందం నుంచే వచ్చింది. మన కోస్తా జిల్లాల ఇళ్లలో ఈ మాత్రలు మింగినవారు లక్షల్లో ఉంటారు. అది తమ జిల్లా మనిషి బృందం కనిపెట్టిన మందని తెలిసినవారు ఎందరో చెప్పలేను. 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

సుబ్బారావు జీవితం స్వాట్ కాగితానికి ఒక గట్టి ప్రశ్న వేస్తుంది. ఎల్ఎంఎస్ పట్టా ఆయన బలహీనతా? కాదు. అది ఆనాటి వలస పాలనలో ఎదురైన అన్యాయం. దాన్ని రాయాల్సింది బయటి ముప్పుల గడిలో. మెట్రిక్ తప్పడం తెలివి లేకపోవడానికి గుర్తా? ఆ పరీక్ష ఆ రోజున ఆయనలో కొలవగలిగింది అంతే. మీరు కాగితం రాసేటప్పుడు ఈ తేడా చాలా ముఖ్యం. తెలుగు మీడియంలో చదవడం మీ బలహీనత కాదు. ఇంగ్లీషు ఇంకా సాధన చేయకపోవడం మాత్రమే మీ చేతిలో ఉన్న విషయం. ఇంట్లో డబ్బు లేకపోవడం మీ లోపం కాదు, అది మీ పరిస్థితి. పరిస్థితిని లోపంగా రాసుకున్న విద్యార్థి తనను తానే నిందించుకుంటూ కూర్చుంటాడు.

ఎక్కడ పొరపాటు పడతాం?

కొన్నేళ్ల కిందట ఒక శిక్షణ శిబిరంలో మా ఉపాధ్యాయులందరి చేతా స్వాట్ కాగితాలు రాయించారు. తర్వాత అన్నీ చదివితే నవ్వొచ్చింది. బలాల గడిలో దాదాపు అందరం రాసింది ఒకటే: కష్టపడే తత్వం, నిజాయితీ, సమయపాలన. బలహీనతల గడిలోనూ ఒకటే: అతి మంచితనం, తొందరగా నమ్మేయడం. నా కాగితం కూడా అలాంటిదే. మధ్యాహ్నం భోజనం తర్వాత ఆ కాగితాలను ఎవరూ ముట్టుకోలేదు.

ఇది మా ఒక్కరి లోపం కాదు. టెర్రీ హిల్, రాయ్ వెస్ట్‌బ్రూక్ అనే బ్రిటిష్ పరిశోధకులు కంపెనీలు రాసుకున్న స్వాట్ పత్రాలను పరిశీలించి 1997లో ఒక వ్యాసం ప్రచురించారు. జాబితాలు పొడుగ్గా ఉన్నాయి, మాటలు అస్పష్టంగా ఉన్నాయి, ఏది ముఖ్యమో చెప్పలేదు, రాసినదాన్ని సరిచూడలేదు, తర్వాత పనుల్లో వాడలేదు. ఇదీ వాళ్లు చూపిన లోపాల సారాంశం.

రెండో చిక్కు మన మనసులోనే ఉంది. కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన జస్టిన్ క్రూగర్, డేవిడ్ డన్నింగ్ 1999లో కొన్ని ప్రయోగాలు ప్రచురించారు. పరీక్షల్లో అట్టడుగు పావు వంతులో ఉన్నవారు నిజానికి నూటికి పన్నెండుగురి కంటే మాత్రమే మెరుగు. కానీ తాము అరవై రెండుగురి కంటే మెరుగని అనుకున్నారు. అగ్రభాగాన ఉన్నవారు తమను కొంచెం తక్కువగా అంచనా వేసుకున్నారు. అంటే కాగితం మీద మనమొక్కరమే కూర్చొని రాస్తే త్రాసు తప్పు చూపే అవకాశం ఉంది.

మరి దారేమిటి? జోసెఫ్ లఫ్ట్, హారింగ్టన్ ఇంగమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1955లో ఒక కిటికీ గీశారు. జో, హ్యారీ అనే వారి ముద్దుపేర్లు కలిపి దానికి 'జోహారి కిటికీ' అని పేరొచ్చింది. పేరు వింటే మనవాళ్లదే అనిపిస్తుంది కదా! అందులోనూ నాలుగు గళ్లే. నాకూ, ఇతరులకూ తెలిసినవి. నాకు మాత్రమే తెలిసినవి. ఇతరులకు మాత్రమే తెలిసినవి. ఎవరికీ తెలియనివి. ఇతరులకు మాత్రమే తెలిసిన గడిలోనే హనుమంతుడి బలం, ఫ్రాంక్లిన్ గర్వం ఉన్నాయి. ఆ గడిని తెరవాలంటే అడగాలి.

మీ కాగితం మీరే రాసుకోండి

చరిత్ర నేర్పిన పాఠాలను ఇప్పుడు పద్ధతిగా పెట్టుకుందాం.

1. ప్రశ్నను ముందు రాయండి. "నేనెలాంటివాణ్ణి?" అన్నది చాలా పెద్ద ప్రశ్న. "ఇంటర్ తర్వాత బీఎస్సీ చేయాలా, డిప్లొమాకు వెళ్లాలా?" అన్నది కాగితం జవాబు చెప్పగలిగే ప్రశ్న.

2. ప్రతి బలానికీ ఒక సాక్ష్యం రాయండి. "కష్టపడతాను" కాదు. "గత వేసవిలో నెల రోజులు రోజూ రెండు గంటలు కూర్చొని టైపింగ్ నేర్చుకున్నాను" అని రాయండి. అంగదుడిలా కొలతతో చెప్పండి, సందేహం ఉంటే అదీ చెప్పండి.

3. బలహీనతల గడిలో మీరు మార్చుకోగలిగినవే రాయండి. మార్చలేనివి, మీరు చేయనివి ముప్పుల గడిలోకి పంపండి.

4. అవకాశాల గడి ఊహతో నింపకండి. దూరపు కొండలు నునుపు. ఏ కోర్సైతే రాస్తున్నారో అందులో చదువుతున్నవారిని ఒకరిని కలిసి మాట్లాడిన తర్వాతే రాయండి. ఫీజు ఎంత, హాస్టల్ ఎక్కడ, పరీక్ష ఏ భాషలో అన్నవి పార్సన్స్ చెప్పిన రెండో మెట్టు.

5. ముగ్గురిని అడగండి. ఒక ఉపాధ్యాయుడు, ఒక స్నేహితుడు, ఇంట్లో ఒకరు. "నేను బాగా చేసేదొకటి, సరిదిద్దుకోవలసిందొకటి చెప్పండి" అనండి. వాళ్లు చెప్పేటప్పుడు వాదించకండి, రాసుకోండి.

6. ఒక్కరోజులో ముగించకండి. ఫ్రాంక్లిన్ చెప్పినట్టు మూడు నాలుగు రోజులు తీసుకోండి.

7. జతలు కలపండి. ఒక అమ్మాయిని ఊహించుకుందాం. పల్లెలో చదివింది, జీవశాస్త్రం ఇష్టం. తెలుగులో బాగా వివరించగలదు, ఇంగ్లీషు చదవడం నెమ్మది. ఊళ్లో పొలం ఉంది. దూరం పంపడానికి ఇంట్లో భయపడుతున్నారు. ఈ అమ్మాయి డాక్టరు సీటు ఒక్కటే లోకమనుకుంటే రాకపోయిన రోజున అంతా పోయినట్టే. జతలు కలిపి చూస్తే వ్యవసాయ డిప్లొమా, నర్సింగ్, బీఎస్సీ తర్వాత ఉపాధ్యాయ శిక్షణ వంటి దారులు కనిపిస్తాయి. వివరించగల బలం వీటన్నింటిలోనూ పనికొస్తుంది. ఇంగ్లీషు పుస్తకం రోజుకు రెండు పేజీలు చదవడం బలహీనత మీద పని. అదే ఊరి నుంచి పట్నంలో చదువుతున్న ఒక అక్కను ఇంటికి తీసుకొచ్చి అమ్మానాన్నలతో మాట్లాడించడం ముప్పు మీద పని.

8. తేదీ వేసి దాచండి. పీటర్ డ్రకర్ అనే నిర్వహణ శాస్త్ర ఆచార్యుడు 1999లో రాసిన వ్యాసంలో, ముఖ్య నిర్ణయం తీసుకున్నప్పుడు ఏం జరుగుతుందని ఆశిస్తున్నారో రాసి, తొమ్మిది నుంచి పన్నెండు నెలల తర్వాత జరిగినదానితో పోల్చుకోమన్నాడు. సైన్సు విద్యార్థులకు ఇది కొత్త కాదు. ముందు పరికల్పన, తర్వాత ప్రయోగం, ఆపైన సరిచూడడం. ఈ ప్రయోగంలో పరిశీలించేదీ మీరే, పరిశీలనకు లోనయ్యేదీ మీరే.

ముగింపు

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. నేను డిగ్రీలో ఉండగా పరిశోధన వైపు వెళ్లాలని ఉండేది. ఇంట్లో పరిస్థితిని బట్టి ఉద్యోగంలో చేరాను. చాలాకాలం దాన్ని నా పిరికితనంగా లెక్కవేసుకున్నాను. ఏళ్ల తర్వాత కాగితం తిరగేసి చూసుకుంటే, అది నా లోపం కాదు, ఆనాటి పరిస్థితి అని అర్థమైంది. పాఠం చెప్పడం నా బలమని నాకు తెలియలేదు. అది చెప్పింది నా దగ్గర చదువుకున్న పిల్లలే. ఆ రెండు ముక్కలూ ఇరవై ఏళ్ల వయసులో తెలిసి ఉంటే చేసే పని మారేది కాదేమో గానీ, చేసినన్నాళ్లూ మనసు తేలికగా ఉండేది. మీకు అంతకాలం పట్టకూడదనే ఈ పాఠం.

నాలుగు గళ్ల కాగితం మీ తలరాత కాదు. పెన్సిలుతో రాయండి, ఏటా చెరిపి మళ్లీ రాయండి. మీ జవాబు పక్కింటివారు చెప్పకముందే మీరు రాసుకోండి.

ఆలోచించండి, చేసి చూడండి

1. ప్రీస్ట్‌లీ స్థానంలో మీరుంటే 1772లో రెండు వరసల్లో ఏమేం రాసేవారు? ఒక్కోదానికి ఎంత బరువిచ్చేవారు?

2. సుబ్బారావు జీవితంలోని సంఘటనలను నాలుగు గళ్లలో సర్దండి. ఏది ఏ గడిలోకి వస్తుందో మీ మిత్రులతో చర్చించండి.

3. మీ కుటుంబంలో పెద్దవారొకరిని అడగండి: మీరు ఈ పనిలోకి ఎలా వచ్చారు? మీ బలాన్ని మీకు మొదట చెప్పిందెవరు?

4. మీ కాగితం రాసి, తేదీ వేసి, వచ్చే ఏడాది ఇదే రోజున తెరవండి.